ఉన్ని రాని గొర్రె, ఉగాది నెల పనులు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి దగ్గర పల్లె. చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఉండి, మామయ్య పోయాక అత్తయ్యకు తోడుగా ఉందామని మొన్న దీపావళికి ఊరికి వచ్చేశాం. ఇంటి చుట్టూ పెద్ద దొడ్డి, బోరు కింద రెండెకరాల పొలం, ఒక గేదె, ఎనిమిది నాటుకోళ్లు ఉన్నాయి. చేలో మినుము ఇప్పుడే పీకాం. విదేశాల్లో చిన్న రైతులు వసంతకాలంలో కూరగాయల నార్లు పోయడం, కోడిపిల్లల్ని లేపడం, గొర్రెల ఉన్ని కత్తిరించి వడకడం వీడియోల్లో చూసి నాకూ అలా చేయాలనిపించింది. ఉగాదికి పది గొర్రెలు కొందామని ఉన్ని కత్తెర కూడా ఆన్‌లైన్‌లో తెప్పించాను. అత్తయ్య నవ్వుతున్నారు, మా ఆయన టెన్షన్ పడుతున్నారు. ఈ రెండు నెలల్లో దేనితో మొదలుపెట్టాలి? ఉన్ని ఎక్కడ అమ్ముకోవాలి?

జవాబు:

అమ్మా, ముందు కత్తెర సంగతి. వాపసు పంపే గడువు మిగిలుంటే ఈరోజే పంపేయండి. మన నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. ఒంటినిండా పొట్టి వెంట్రుకే. రొమ్ము దగ్గర, మెడ మీద కాస్త గుబురుగా కనిపిస్తుంది, అదీ కత్తిరించి అమ్మేటంత ఏమీ కాదు. మన దేశపు గొర్రెల్లో బాగా ఎత్తైనది ఇదే. పొడుగు కాళ్లు, వేలాడే చెవులు. కొత్తవాళ్లు దూరం నుంచి చూసి మేక అనుకుంటారు. తోక చూడండి: కిందికి వేలాడితే గొర్రె, పైకి లేస్తే మేక. తెల్లగా ఉండేదాన్ని పల్ల అంటారు. తెలుపు మీద మూతికీ కళ్ల చుట్టూ పొట్ట కిందా నల్ల మచ్చలుంటే జోడిపి. ఒళ్లంతా ఇటుక రంగులో ఉండే ఎర్ర రకం ఇంకొకటి. మూడింటినీ మాంసం కోసమే పెంచుతారు. ఈ ఎండలో ఉన్ని కోటు తొడుక్కుని తిరగాల్సిన అవసరం దానికేముంది?

ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. తెలంగాణలో, అనంతపురం, కర్నూలు వైపు ఉండే నల్ల గొర్రె. గొంగళ్లు నేసేది దాని ఉన్నితోనే. ఏడాదికి రెండుసార్లు కత్తిరించినా ఒక్కో గొర్రెకు కిలో కూడా రాదు. వచ్చేది ముతక ఉన్ని, కొనేవాళ్లూ తగ్గిపోయారు. పెంచుకొచ్చిన కాపర్లే చాలామంది మాంసం రకాల వైపు మళ్లారు. అందుకని కలిగిరిలో కూర్చుని ఉన్ని వ్యాపారం పెట్టుకోకండి. వడకడం మీద నిజంగా మనసుంటే పత్తి వడకండి. మన ప్రాంతపు నేత ఎక్కువగా నూలుదే. వెంకటగిరి తిరుపతి జిల్లాలో కలిసినంత మాత్రాన ఆ చీర మనది కాకుండా పోదు.

ఇక అసలు విషయం. మీరు చూసిన వీడియోల్లో మంచు కరిగి, నేల మెత్తబడి, పచ్చిక మొలిచాక పని మొదలవుతుంది. అక్కడ వసంతమంటే ఏడాదికి మొదలు. మనకు అలా కాదు. నెల్లూరు మెట్టకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేదే. ఆ నీళ్లతోనే బోర్లు ఊరతాయి, బీళ్లు పచ్చబడతాయి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి పంట ఇంటికి చేరుతుంది, బోరు గొంతు మారుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదాకా మన పనంతా ఉన్నదాన్ని కాపాడుకోవడమే. కొత్తగా ఏది పెట్టాలనుకున్నా ఇది మే నెల దాటుతుందా అని ఒకసారి అడుక్కోండి. ఉగాదికి కొన్న పది గొర్రెలు దాటడం కష్టం. ఆ నెలల్లో బీళ్లలో మేత ఉండదు, కొనిపెట్టాలంటే గొర్రె ధరకు మేత ఖర్చు తోడవుతుంది. పైగా వాటి జబ్బులూ అలవాట్లూ మీకింకా తెలియవు. ఈ విషయంలో మీ ఆయన టెన్షన్ పడటం సబబే.

అయితే ఈ వసంతంలో గొర్రెలు మీ పొలంలోకి రావాలి. కాకపోతే మీవి కాదు, వేరేవాళ్లవి.

మినుము పీకిన చేను ఖాళీగా ఉంది కదా, అందులో మంద కట్టించండి. కోతలయ్యాక మందలవాళ్లు ఊరూరా తిరుగుతూ ఉంటారు. పగలంతా గొర్రెల్ని మేపుకొచ్చి, రాత్రికి మీ చేలో వలలు గానీ తడికలు గానీ చుట్టూ కట్టి అందులో పడుకోబెడతారు. తెల్లారేసరికి ఆ మేర నేలంతా పెంటికలూ మూత్రమూ పరుచుకుని ఉంటాయి. మర్నాడు ఆ వలల దొడ్డిని పక్కకు జరుపుతారు. అలా జరుపుకుంటూ పోతే కొన్ని రాత్రుల్లో చేనంతా ఎరువు పడుతుంది. బండ్లతో తోలే పని లేదు, కూలీల్ని పెట్టి చల్లించే పని లేదు. పెంటికల కంటే మూత్రంలోనే నత్రజని త్వరగా అందే రూపంలో ఉంటుంది. దిబ్బ ఎరువులో అది చాలావరకు ఆవిరై పోతుంది, మంద కడితే నేరుగా నేలలోకే దిగుతుంది. అందుకే మంద కట్టిన చేనుకు రెండో పంటలో కూడా తేడా తెలుస్తుందని మెట్ట రైతులు చెప్పేది.

బేరం గొర్రెల తలలు లెక్కపెట్టి, రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటారు. కొన్ని ఊళ్లలో డబ్బు, కొన్ని ఊళ్లలో ఇంకా వడ్లే. రాత్రి భోజనం, పొద్దున టీ రైతు ఇంటివే. మీ పక్క రేటు ఎంతో అత్తయ్యగారికి తెలియకపోదు, ఆవిడనే మాట్లాడమనండి. మంద మీ బోరు దగ్గర నీళ్లు తాగుతుంది, దానికి ముందే ఒప్పుకోండి. మందవాళ్లు వెళ్లిన రెండు మూడు రోజుల్లోపే పైపైన దుక్కి దున్నించాలి. ఎండకు వదిలేస్తే మీరు డబ్బిచ్చి కొన్న నత్రజని గాలికి పోతుంది. వేసవి దుక్కి ఎలాగూ చేయాల్సిందే, రెండూ ఒకే ట్రాక్టరు ఖర్చుతో అయిపోతాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఎండాకాలం గొర్రెలు సర్కారు తుమ్మ కాయలు బాగా తింటాయి. గింజ అరగదు, పెంటికలతో పాటు మీ చేలో పడుతుంది, తొలి వానకు మొలుస్తుంది. జానెడు మొక్కగా ఉన్నప్పుడే పీకేయాలి. మోకాలెత్తు వచ్చిందా, గడ్డపార తేవాల్సిందే.

మంద ఉన్న ఆ నాలుగు రాత్రులూ మీకు బడి. సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి వచ్చేటప్పుడు వెళ్లి నిలబడండి. పుట్టి వారం కాని పిల్లల్ని గంపల కింద మూసి ఉంచడం, ఏ తల్లికి ఏ పిల్లో కాపరి చీకట్లో అరుపును బట్టి చెప్పడం, కుంటుతున్నదాన్ని విడిగా తీసి గిట్టలు చూడటం మీ కళ్లతో చూస్తారు. మీరు కొనేటప్పుడు ఏం చూడాలో వాళ్లనే అడగండి. అన్నం పెట్టిన ఇంటికి అబద్ధం చెప్పరు, వాళ్ల మందలోంచే మీకు అమ్మాలనుకుంటే తప్ప!

దొడ్డి తోట విషయంలో ఆలస్యం కొంత అయిపోయింది గానీ మొత్తం పోలేదు. టమాటా, వంగ, మిరప నార్లు ఇప్పుడు మొదలుపెట్టకండి. ఎండ 35 డిగ్రీలు దాటాక టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. మీరెంత నీళ్లు పోసినా చెట్టు ఆకులతో సరిపెడుతుంది. సొర, బీర, దోస గింజలు మాఘంలో పెట్టినవాళ్లకు ఇప్పుడు తీగ పందిరెక్కుతూ ఉంటుంది. మీరు ఫాల్గుణం దాటకుండా పెట్టండి. పందిరి పడమటి ఎండ తగలని చోట వేస్తే ఆ నీడలోనే కోళ్ల నీళ్లకుండ కూడా పెట్టుకోవచ్చు. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, బచ్చలి చైత్రంలో పెట్టినా మాట వింటాయి. బెండలో ఆకు ఈనెలు పసుపురంగుకు తిరిగితే అది తెల్లదోమ తెచ్చే పల్లాకు తెగులు. ఆ మొక్కకు మందు లేదు. జాలిపడకుండా పీకి తగలబెట్టేయండి, మిగతావాటి మీద వేపనూనె కొట్టండి.

పాదుల్లో మట్టి కనబడనివ్వకండి. మినుము పీకిన కట్టె, వరిగడ్డి, ఎండాకు, ఏది దొరికితే అది మందంగా పరచండి. నీళ్లు పొద్దు పొడవకముందు గానీ పొద్దు గూకాక గానీ పెట్టండి.

నిజానికి ఈ నెలల్లో తోటలో అసలు పని విత్తనం దాచుకోవడం. చలికాలం కాసిన చిక్కుడు తీగ ఇప్పుడు ఎండుతుంది. చివర్లో వచ్చిన తాలు కాయలు కాకుండా, తీగ నడుమ బలంగా కాసినవి చెట్టుమీదే గలగలమనేదాకా ఉంచి కోయండి. బీర కాయ మోడుబారి, ఊపితే లోపల గింజ ఆడాలి. సొరకాయకు గోరు గుచ్చితే దిగకూడదు. దాన్ని అలాగే తొడిమెతో కోసి వంటింట్లో పొగ తగిలేచోట వేలాడదీసేవారు పాతకాలంలో. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో పొగ ఎక్కడిది అంటారేమో, గింజ తీసి నీడన ఆరబెట్టి, జల్లించిన బూడిదలో కలిపి గాజు సీసాలో మూతపెట్టినా చాలు. ఒక మాట: బజారు నుంచి హైబ్రిడ్ గింజ తెచ్చి వేసిన కాయలోంచి విత్తనం తీయకండి. మరుసటి ఏడు మొలుస్తుంది గానీ ఏ రకం కాస్తుందో దేవుడికే తెలియాలి. అత్తయ్యగారి డబ్బాల్లో పాత నాటు గింజలుంటే వాటినే ముందు లెక్క తేల్చండి.

కోళ్ల దగ్గర మాత్రం మీ ఉత్సాహానికి పని ఉంది. ఎనిమిదింటిలో ఏదైనా పొదుగుకు కూర్చుంటే ఉగాదికి ముందే గుడ్లు పెట్టేయండి. 21 రోజులకు పిల్లలు దిగుతాయి, ఎండలు ముదిరేసరికి రెక్కలు ఆడిస్తాయి. ఏప్రిల్ నడుమ తర్వాత పొదిగేస్తే గుడ్లు మురిగిపోవడమే ఎక్కువ. గుడ్డు పెట్టి వారం దాటితే పొదుగుకు పనికిరాదు, అది కూరకే. అప్పటిదాకా గుడ్లు దాచడానికి ఫ్రిజ్ వద్దు. వెడల్పాటి మట్టిమూకుడులో తడి ఇసుక పోసి, మీద గుడ్డ పరిచి, సన్నకొన కిందికి ఉండేలా నిలబెట్టండి. ఇంట్లో చల్లని మూల చాలు. కోడి కింద 10, 12 గుడ్లకు మించి పెట్టకండి. ఎక్కువైతే అంచు గుడ్లు బయటికి జారి, ఇది కాసేపు అది కాసేపు చల్లబడి అన్నీ పాడవుతాయి.

ఏడెనిమిది రోజులకు రాత్రిపూట చీకటి గదిలో ఒక్కో గుడ్డునూ తీసి, పెద్దకొన దగ్గర సెల్‌ఫోన్ టార్చి ఆనించి చూడండి. లోపల సాలెపురుగు కాళ్లు చాచినట్టు ఎర్రటి నరాలు, మధ్యలో నల్ల చుక్క కనబడితే పిల్ల కట్టింది. చుక్క కదులుతుంది కూడా. మొత్తం పసుపు వెలుతురుగా ఖాళీగా ఉంటే అది పిల్ల కట్టని గుడ్డు, తీసేయండి. వేసవిలో ఉంచితే పగిలి మిగతావాటినీ చెడగొడుతుంది. పొదుగు కోడి రోజుకొకసారి లేచి తిని, నీళ్లు తాగి, రెట్ట వేసి మళ్లీ కూర్చుంటుంది. తిండీ నీళ్లూ దగ్గరలోనే పెట్టండి, అది దూరం వెళ్లకూడదు. ఇక పొదుగు వద్దనుకున్న కోడిని నీళ్లలో ముంచడం కొందరు చేస్తారు. నాకది నచ్చదు. అడుగున గాలి ఆడే జల్లి గంపలో నాలుగు రోజులు నేలకు ఎత్తుగా ఉంచితే అదే మానుకుంటుంది.

పిల్లలు దిగాక ముంగిస, గద్ద, పిల్లి, జెర్రిగొడ్డు అన్నీ మీ దొడ్డి అడ్రసు కనుక్కుంటాయి. సముద్రం వైపు ఊళ్లలో పాత చేపల వలలు తక్కువకే దొరుకుతాయి. తెప్పించి పిల్లలు తిరిగే చోటు మీద కప్పండి, మిగిలింది కూర పాదుల చుట్టూ కట్టండి. లేకపోతే మీరు పొద్దున పెట్టిన తోటకూర విత్తనం సాయంత్రానికి కోడి కడుపులో ఉంటుంది. పిల్లలకు చెదలంటే ప్రాణం. పాత కుండలో చింపిన గోనెసంచి, కాస్త పేడ, వరిగడ్డి కుక్కి, తడిపి, చెదల పుట్ట దగ్గర బోర్లించండి. మర్నాడు పొద్దునే ఎత్తి పిల్లల ముందు దులిపితే చాలు, దాణా ఖర్చు తగ్గుతుంది. ఎండెక్కకముందే ఎత్తాలి, ఆలస్యమైతే చెదలు లోపలికి దిగిపోతాయి.

ఎండాకాలం ఊళ్లకు ఊళ్ల కోళ్లను ఊడ్చేసేది కొక్కెర తెగులు. తెల్లగా, పచ్చగా పారడం, మెడ మెలితిరగడం, రెక్కలు వేలాడేయడం దాని గుర్తులు. వచ్చాక చేసేదేమీ లేదు, రాకముందే టీకా. పిల్లకు ఏడో రోజున లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి. రెండు నెలల వయసులో ఆర్‌2బి సూది రెక్క దగ్గర చర్మం కింద. పశువైద్యశాలలో అడిగితే చెబుతారు. టీకా సీసాలో వంద కోళ్లకు సరిపడా ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. మీ ఎనిమిది కోళ్లకోసం ఒక సీసా తెరవడం దండగ. వీధిలో వాళ్లందరికీ ముందురోజే చెప్పి, కోళ్లు గూట్లోకి చేరే వేళకు అందరివీ కలిపి వేయించండి. సీసాను ఐసుముక్కలున్న ఫ్లాస్కులో తేవాలి, చొక్కా జేబులో వేసుకొచ్చిన టీకా నీళ్లతో సమానం. జబ్బు చేసిన కోడికి వేయకూడదు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలో పొదలకూరు, కోవూరు మండలాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి మీరు హైదరాబాద్‌లో ఉండగా వినే ఉంటారు. ఒకేసారి ఎక్కువ కోళ్లు పడిపోతే కోసి తినడం, చవగ్గా అమ్మేయడం చేయకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి. చచ్చినవాటిని వట్టి చేతులతో ముట్టుకోవద్దు.

మధ్యాహ్నం కోడి నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిందంటే దానికి వేడి చేసింది. నీళ్లు మట్టి పాత్రల్లో, నీడలో, రెండు మూడు చోట్ల ఉండాలి. మేత పొద్దునే, సాయంత్రమే వేయండి. గూటికి ఎండ కొట్టే పక్క గోనెపట్టాలు కట్టి తడుపుతూ ఉంటే చాలు.

గేదె గురించి మీరేమీ అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. జొన్న కోసిన చేలల్లో మోళ్ల నుంచి మళ్లీ లేత పిలకలు వస్తాయి, చుట్టూ అంతా ఎండిపోయి ఉన్నప్పుడు అవే పచ్చగా ఊరిస్తాయి. నీళ్లు లేక వాడిన ఆ లేత జొన్నలో విషం ఉంటుంది, దాన్నే నాము అంటారు. కడుపునిండా తింటే గేదె గంటల్లో పడిపోతుంది. కట్టుతాడు తెంచుకుని అటు పోకుండా చూసుకోండి. పొరపాటున తింటే నాటువైద్యాలతో పొద్దుపుచ్చకుండా పశువైద్యుణ్ణి పిలవండి, దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

గొర్రెలు కొనడం వద్దనడం లేదు. వానలు పడి బీళ్లు పచ్చబడ్డాక, పదికి బదులు ఐదు ఆడ గొర్రెలతో మొదలుపెట్టండి. పొట్టేలు కొనక్కర్లేదు, ఊరి మందలో కలిపి మేపితే సరిపోతుంది. ఈలోపు బోరు గట్టున అవిశ, సుబాబుల్ నాలుగు మొక్కలు పెట్టుకుంటే వచ్చే ఏడాది వేసవికి కొమ్మ నరికి వేయడానికి ఉంటుంది. సంతలో కొనేటప్పుడు నోరు తెరిచి కింది పళ్లు చూడండి. రెండు పెద్ద పళ్లు వచ్చినది ఏడాదిన్నర లోపుది, నాలుగు పళ్లది సుమారు రెండేళ్లది. మీకు ఈ రెండూ మంచివే. పళ్లు అరిగి ఎడం పడినదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. తర్వాత బొటనవేలితో కింది కనురెప్పను కిందికి లాగి చూడండి. లోపల ఎర్రగా ఉంటే ఆరోగ్యం. పాలిపోయి తెల్లకాగితంలా ఉంటే కడుపులో నట్టలు రక్తం పీల్చేస్తున్నాయని అర్థం. అమ్మేవాడు ఎండకు అలసిందమ్మా అంటాడు, మీరు పక్క గొర్రె రెప్ప లాగి చూడండి. కొని తెచ్చాక రెండు వారాలు విడిగా కట్టి, నట్టల మందు తాగించి, చిటుకు రోగం, పీపీఆర్ (పారుడు రోగం) టీకాలు ఏవి పడ్డాయో ఏవి పడలేదో పశువైద్యుడితో రాయించుకుని, అప్పుడు ఊరి మందలోకి వదలండి.